నా పాట కింద ఎవరి పేరు?

సహోదరులారా, సహోదరీలారా, ఎనిమిది నెలలపాటు నేను ఆదివారం ఆరాధనలో నోరు విప్పలేదు. అందరితోపాటు చాప మీద కూర్చునేదాన్ని, పాట మొదలయ్యేసరికి నా గొంతులో ఏదో అడ్డుపడేది. కంకిపాడులో ఇద్దరు డాక్టర్లు టార్చిలైటు వేసి చూసి ఏమీ లేదన్నారు, మిరియాల కషాయం తాగాను, సంఘంలో నూనె రాసి ప్రార్థన చేశారు, అయినా పాట రాలేదు. అది రోగం కాదని నాకు తెలుసు. అది కోపం. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధమాడి మన పత్రికలో సాక్ష్యం రాయలేను.

నా పేరు కరుణమ్మ. నేను బడికి వెళ్లలేదు. చిన్నతనం నుంచీ వరి నాట్లే నా పని. మా ముఠాలో పాట ఎత్తేది నేను, మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. రక్షణ పొందిన తర్వాత ఆ నాట్ల బాణీల్లోనే ప్రభువు మీద పాటలు కట్టుకునేదాన్ని, కానీ బురదలో వంగి ఉన్నప్పుడు పుట్టిన పాట కోతలనాటికి సగం మరిచిపోయేదాన్ని, రాసుకోవడం రాదు కదా. మా సంఘంలో కీబోర్డు వాయించే సహోదరుడు ఒకాయన ఉన్నాడు, పేరు చెప్పను. ఆయన నా పాట ఒకటి విని, దేవుని పనికి వాడుకుందాం పిన్నిగారూ అని తన ఫోన్లో పాడించుకున్నాడు. ఎంత సంతోషపడ్డానో! నా బురద పాట దేవుని పనికి వచ్చిందని ఇంటికెళ్లి మోకరించి ఏడ్చాను.

కొన్నాళ్లకు ఆ పాట మంచి సంగీతంతో, వేరేవాళ్ల గొంతుతో అందరి ఫోన్లలోకి వచ్చింది, మైలవరం వైపు కూడికల్లో కూడా పాడుతున్నారని చుట్టాలు చెప్పారు. నా పేరు వేశారా బాబూ అని అడిగితే ఆయన ఫోను నా ముందు పెట్టి, "అన్నీ ఉన్నాయి పిన్నిగారూ, చూసుకోండి," అన్నాడు. చూశాను. తల ఊపాను. నాకు చదవడం రాదని ఆయనకు తెలుసు, రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడతానని కూడా తెలుసు. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

నా యాభై రెండో ఏట మా పాస్టరమ్మగారు శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. బైబిలు సొంతగా చదువుకోవాలన్న ఒక్క ఆశతో వెళ్లాను. నారు పట్టిన వేళ్లలో బలపం నిలిచేది కాదు, ఏడాది పట్టింది. ఒకరోజు మా కోడలి ఫోన్లో నా పాట వస్తుంటే కింద ఉన్న మాటలు కూడబలుక్కుని చదివాను. రచన అని ఉంది, పక్కన ఆ కీబోర్డు సహోదరుడి పేరు ఉంది. తప్పు చదివానేమో అనుకుని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆయన పేరే.

సంఘపెద్దల దగ్గరికి వెళ్లాను. ఆయన కూడా వచ్చి, నవ్వుతూ, "నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చుకున్నారు, పాట మీదంటే నమ్మేదెవరండీ?" అన్నాడు. పెద్దలు నాకే బుద్ధి చెప్పారు. పాట ఎవరిదైతే ఏమిటమ్మా, దేవునికే మహిమ కదా, పేరు కోసం పాకులాడటం గర్వం కదా అన్నారు. సహోదరులారా, నిజంగా దేవునికే మహిమ అయితే ఆ సహోదరుడి పేరు అక్కడ ఎందుకుంది? నా పేరైతే గర్వం, ఆయన పేరైతే పరిచర్యా? దేవుని మహిమను తీసుకొచ్చి దొంగతనం మీద దుప్పటిలా కప్పితే ప్రభువు ఊరుకుంటాడా? ఇవన్నీ అక్కడ అనలేకపోయాను. ఇంటికొచ్చాను, ఆ ఆదివారం నుంచే నా గొంతు మూసుకుపోయింది.

ఆ రోజుల్లో నా ప్రార్థన ఒక్కటే. "ప్రభువా, ఈ నోరు ఇచ్చింది నువ్వు. ఆ పాట ఇచ్చింది నువ్వు. ఎవరికిచ్చావో నీకు తెలుసు. నువ్వు తెలిసీ మాట్లాడకపోతే నేనింక ఎవరి దగ్గరికి పోను?" మర్యాద లేని ప్రార్థనే, కానీ దేవుడు విన్నాడు.

మా ఉజ్జీవ కూడికలకు భవానీపురం నుంచి పాటలు పాడే ఒక సహోదరి వచ్చింది. కూడిక మొదలవకముందు అందరి ఎదుటా కీబోర్డుతో నా పాట సరిచూసుకుంటోంది. ప్రతి చరణం చివరా పాట కాసేపు ఆగుతుంది. ఈ ఖాళీ ఎందుకండీ అని ఆమె కీబోర్డు దగ్గరున్న ఆయన్ని అడిగింది. అది రికార్డింగులో వచ్చిన పొరపాటని, తీసేసి నేరుగా పల్లవిలోకి వెళ్లిపొమ్మని ఆయన చెప్పాడు. అప్పుడు, ఎనిమిది నెలలు పెగలని నా గొంతు చాప మీద నుంచే పెగిలింది.

"తీయొద్దమ్మా. అక్కడ నారు కట్ట అందుకుంటాం."

ఆమెకు అర్థం కాలేదు. లేచి వంగి చూపించాను. నాటుతూ నాటుతూ వెనక్కి అడుగేస్తాం, చేతిలో నారు అయిపోతే వెనకున్న కట్ట అందుకుని విప్పుకోవాలి, అంతసేపూ పాట ఆగుతుంది, ఆగకపోతే వరుస చెడిపోతుంది. చెబుతూ చెబుతూ పాట ఎత్తేశాను! కూడికకు వచ్చిన మా ముఠా ఆడవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే అందుకున్నారు, ఆగాల్సిన చోట అందరూ కలిసి ఆగారు, ఒక్కరు కూడా ముందుకు పోలేదు. స్తోత్రం! ఆ సహోదరి ఆయన వైపు తిరిగి, "ఈ పాట ఎవరిదండీ?" అని అడిగింది. ఆయన కీబోర్డు వైర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ సహోదరి నన్ను భవానీపురం స్టూడియోకి తీసుకెళ్లింది. అద్దాల గది, చెవులకు ఏవో తగిలించారు, నాకేమో వంగకుండా పాట రాదు. వంగి పాడుతుంటే అక్కడి అబ్బాయి, "అమ్మా, మైకు పైనుందండి, నేలలో లేదు," అని నవ్వాడు. నేనూ నవ్వాను. యాభై నాలుగేళ్లకు ఏ అనుభవమూ లేకుండా కొత్త పనిలో చేరినదాన్ని, నవ్వుకోనివ్వండి. ఇప్పటికి నాలుగు పాటలు వచ్చాయి, నాలుగూ నా చేత్తో రాసినవే, నాలుగింటి కిందా నా పేరే ఉంది. నాట్ల కాలం పోను మిగతా కాలమంతా ఇప్పుడు పాటలు కట్టడమే నా పని. అక్షరం రానిదాన్ని ఇంత దూరం తెచ్చిన దేవునికి వందనాలు.

కానీ ఆ మొదటి పాట కింద ఇంకా ఆయన పేరే ఉంది. ఆయన్ని క్షమించాను, రోజూ ఆయన కోసం ప్రార్థన చేస్తాను, అంతమాత్రాన నోరు మూసుకుని కూర్చోను. ఆయన ఈ పత్రిక చదువుతాడు, చదవడం ఆయనకు చిన్నప్పుడే వచ్చు. పేరు మార్చడం కూడా వచ్చు.

అక్కలారా, చెల్లెళ్లారా, పొలంలోనో పొయ్యి దగ్గరో ప్రభువు మీకు పాట ఇచ్చి ఉంటే, రాయడం రాదని దాన్ని ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఇచ్చినవాడు మిమ్మల్ని ఎరుగును, ఆయన్ని నమ్మండి. శనివారం మధ్యాహ్నం మా సంఘానికి రండి, నేర్చుకుందాం. నేర్చుకునేదాకా ఆగలేకపోతే నాకు పాడి వినిపించండి, నేను రాసిపెడతాను. ముందు మీ పేరు రాసి, మీకు చదివి వినిపించి, ఆ తర్వాతే పాట మొదలుపెడతాను.