‘సారె’ అని రాసినమ్మాయి

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ మకేతె కొండల మీద, చలికాలం మొదలయ్యే మే నెల చివరికొచ్చేసరికి ఉదయం మెల్లగా కరిగి దిగుతుంది. ముందు పైన్ చెట్ల కొసలు కనిపిస్తాయి. తర్వాత పిండిమర రేకు కప్పు. ఆ తర్వాత మనుషుల ముఖాలు. కాళ్లు అన్నిటికన్నా ఆఖర్న కనిపిస్తాయి. బడి గేటు దగ్గర నిలబడే వంతు నాది అయినప్పుడల్లా మంచులోంచి వచ్చే ఆ కాళ్లను చూసేదాన్ని. తుసెకీలే సంగా కాళ్లు దూరం నుంచే తెలిసేవి. మోకాళ్ల కింద, పిక్కల మీద, అడ్డంగా ఎర్రటి చార ఉండేది, ఎవరో గీత గీసి చెరపడం మర్చిపోయినట్టు.

వాళ్ల ఇల్లు కొండకు అవతలి వాలులో ఉంది. గంటన్నర నడక. దారంతా మోకాలెత్తు గడ్డి, గడ్డి మీద తెల్లటి మంచు. మా బడి అమ్మాయిల స్కర్టు ముదురు ఆకుపచ్చది, మడతలది, దళసరి గుడ్డ. అది గడ్డి మీది చెమ్మంతా తాగుతుంది. తాగి బరువెక్కి ఊగుతుంది.

“మా అమ్మ కూడా నన్ను ఇన్ని దెబ్బలు కొట్టలేదు మేడం. ఈ స్కర్టు అడుగుకొకటి కొడుతుంది” అనేది తుసెకీలే. నవ్వుతూనే అనేది. కానీ పెదవులు నీలంగా ఉండేవి కాబట్టి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయేది.

అదే దారిన, అదే గడ్డిలో వచ్చే అబ్బాయిలకు ప్యాంట్లు. హైస్కూలు మొదటి ఏడాది, అంటే మొదటి ఫారం నుంచీ ప్యాంట్లే. ఆ సంగతి ఆమెను చలికన్నా ఎక్కువగా కొరికేది.

మూడో ఫారంలో ఉండగా ఒక ఉపాయం చేసింది. వాళ్లన్న చదువు మానేసి పైన్ దుంగలు కోసే పనికి పోతాడు. అతని పాత ప్యాంటు స్కర్టు కింద తొడుక్కుని వచ్చేది. బడికి ముందున్న పిండిమరలో విప్పి, మర నడిపే ఆవిడకు ఇచ్చి, గేటు దాటేది. అందరూ ఆవిడను పిన్ని అనేవాళ్లు.

“ఏమే, మళ్లీ మగవేషం విప్పుతున్నావా? తొందరగా కానీ, గంట కొడుతున్నారు.”

“పిన్నీ, కాస్త పొయ్యి దగ్గర ఆరెయ్యవా?”

“ఆరేస్తాలే. మీ అన్న కనబడితే చెప్తాను, నీకన్నా నీ ప్యాంటే నయంరా, రోజూ బడికెళ్తోందని.”

ఒకరోజు ఆలస్యమైంది. విప్పే టైము లేక, ప్యాంటు కాళ్లు మోకాళ్ల పైకి చుట్టేసి పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడింది. జాతీయగీతం రెండో చరణంలో ఉండగా ఎడమ కాలిది చుట్టు విడిపోయి మెల్లగా పాదం దాకా దిగింది. కుడి కాలిది దిగలేదు. క్రమశిక్షణ చూసే న్‌గోగో సారు గీతం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు. అది ఆయన పద్ధతి. అయ్యాక వచ్చి ఆమె ముందు ఆగారు.

“సంగా, నీకు కుడికాలు అమ్మాయిదీ, ఎడమకాలు అబ్బాయిదీనా?”

బడి బడంతా ఘొల్లుమంది.

“రెండూ చల్లబడిపోయిన కాళ్లే సార్” అంది తుసెకీలే.

వారం రోజులు వంటశాలకు నీళ్లు మోయించారు. బకెట్ ఒలికి సాక్సులు తడిసేవి. ఆ వారంలోనే నా దగ్గరకొచ్చి, విద్యార్థుల సభకు కార్యదర్శిగా నిలబడతానంది. నేను ఆ సభకు సలహాదారు టీచర్ని.

“దేనికి?” అన్నాను.

“అజెండా రాసేది కార్యదర్శే కదా మేడం.”

ముత్యాల్లాంటి అక్షరాలు ఆమెవి. ఎవరూ పోటీకి రాలేదు. కార్యదర్శి అయిన నెలకు గానీ ఒక సంగతి తెలియలేదు: కార్యదర్శి సభలో మాట్లాడకూడదు. ఓటు కూడా ఉండదు. రాయడమే పని. నిబంధనల కాగితం చదివి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కిటికీ అద్దం మీద ఆమె ఊపిరి ఒక చిన్న మబ్బులా ఏర్పడి, తగ్గి, మళ్లీ ఏర్పడింది.

“పోనీలెండి. అజెండాలో ఎక్కితే చాలు” అంది చివరికి.

ఎక్కడానికి దాదాపు ఏడాది పట్టింది. తుసెకీలే నాలుగో ఫారంలోకి, అంటే ఆఖరి ఏడాదిలోకి వచ్చాక, మే నెల సభలో నాలుగో అంశంగా వచ్చింది: చలి నెలల్లో అమ్మాయిలు ప్యాంటు వేసుకోవచ్చా?

పద్నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు ఇద్దరు, ఇరవై ఎనిమిది మంది. అధ్యక్షురాలు హెడ్‌మిస్ట్రెస్ మహెంగె మేడం. ఆ రోజు మూడో అంశం దాకా కూర్చుని, చిక్కుళ్ల లారీ వచ్చిందని కబురొస్తే, కుర్చీ న్‌గోగో సారుకు అప్పగించి వెళ్లిపోయారు. నాకు క్లాసుంది, నేనూ లేను. అక్కడ జరిగిందంతా తర్వాత తుసెకీలే రాసిన పుస్తకంలో చదివాను. ఎవరి మాట వాళ్ల గొంతుతోనే రాసింది.

మొదటి ఫారం పిల్ల ఒకతె లేచిందట: “నాకు ఇంట్లో ఉన్నవి రెండే గౌన్లు. ఈ బడి బట్టలుండబట్టి ఆ సంగతి ఇక్కడెవరికీ తెలీదు. మీరు ప్యాంటంటారు, రేపు ఇంకొకళ్లు ఇంకోటంటారు. దీన్ని ముట్టుకోకండి.”

ఒక అబ్బాయి: “అమ్మాయిలు ప్యాంట్లు వేసుకుంటే ఇంక మేమేం వేసుకోవాలి?”

“సిగ్గు” అని వెనక నుంచి ఒక ఆడగొంతు.

ఇంకో అబ్బాయి: “ముందు మా టైల సంగతి చూడండి. ఆవుకి కూడా మేతప్పుడు పలుపు విప్పుతారు.”

“నాకు స్కర్టే కావాలి. కాళ్లు ముడుచుకుని అందులో దాచుకుంటాను. ప్యాంటులో కాళ్లెక్కడ దాచుకోను?” అని రెండో ఫారం అమ్మాయి.

మూడో ఫారం అమ్మాయి మాట్లాడలేదట. బల్ల మీద కాలు పెట్టి, సాక్సు కిందికి లాగి, పగిలిన పిక్కను చూపించి కూర్చుందట. తుసెకీలే దాన్నీ రాసింది: ‘సభ్యురాలు కాలు చూపించారు.’

చేతులెత్తమన్నారు. పద్నాలుగు. దించి, వద్దన్నవాళ్లను ఎత్తమన్నారు. పద్నాలుగు. న్‌గోగో సారు మళ్లీ లెక్కపెట్టారు. అవే పద్నాలుగు. బడికి ఫుట్‌బాల్ రెఫరీ కూడా ఆయనే.

“సారె! రెండు జట్లూ సారె!” అని బల్ల మీద ఒక్కటి చరిచారు. భోజనం గంట కొట్టింది. మొక్కజొన్నా చిక్కుళ్లూ కలిపి ఉడికించిన కందే వాసన గదిలోకి వచ్చింది. సభ లేచిపోయింది.

ఇక్కడి భాషలో ఆట ఎవరూ గెలవకుండా ముగిస్తే సారె. బడి బట్టలనూ సారె అనే అంటారు. ఒకేలా ఉండడం రెండింటిలోనూ ఉంది, అందుకేమో. పంతొమ్మిదేళ్లు ఇక్కడ పాఠం చెప్పినా నా నోట్లోంచి మన ‘సరే’ పోలేదు. లెక్క అర్థమైందా అంటే అయిందన్న పిల్లలతో “సరే” అంటాను. మేడం మళ్లీ యూనిఫాం అంటోందని వాళ్లు నవ్వుకుంటారు.

సభ పుస్తకంలో ‘ఫలితం’ గడి మూడు వేళ్ల వెడల్పుంటుంది. అందులో తుసెకీలే ఒక్క మాట రాసింది. సారె. ఓట్ల సంఖ్య రాయడానికి ఆ పుస్తకంలో వేరే గడి లేదు, ఆమె కూడా విడిగా ఎక్కడా రాయలేదు. ఆ సాయంత్రం నాకు చూపించింది.

“బాగానే ఉందా మేడం?”

నేను పిల్లల మాటలన్నీ చదివి, మురిసిపోయి, ఫలితం గడి మీదుగా కళ్లు జార్చేసి, “సరే” అన్నాను.

ఎనిమిది రోజుల తర్వాత ఉదయం వరసల్లో మహెంగె మేడం ఒక ఉత్తరం చదివారు. మేడం పంపిన సభ వివరాలు చూసి పాలకమండలి రాసింది. విద్యార్థులు తమంతట తామే చర్చించి, ఓటు వేసి, ఇప్పుడున్న యూనిఫాంనే ఎంచుకున్నందుకు మండలి అభినందనలు. చప్పట్లు కొట్టమన్నారు. కొట్టారు. తుసెకీలే చేతులు కూడా రెండుసార్లు కలిశాయి, తర్వాత గాలిలో విడిగా ఆగిపోయాయి.

మహెంగె మేడం ఆఫీసుకు తుసెకీలే నన్ను తోడు తీసుకెళ్లింది.

“మేడం, అది బట్టల సారె కాదు. ఆట సారె.”

“ఆటేమిటి తల్లీ? సభలో ఆటలాడారా?”

“ఓట్లు సమానం మేడం. పద్నాలుగు, పద్నాలుగు.”

“రాసిందెవరు?”

“నేనే.”

“ఏమని రాశావు?”

“సారె అని.”

“నేను చదివిందేమిటి?”

“సారె అని.”

“అయితే ఇద్దరం ఒకే మాట అన్నాం కదమ్మా. ఇంక గొడవేముంది?”

మహెంగె మేడం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ఆవిడ నవ్వడం, పక్కన నిలబడ్డ నేనూ నవ్వాపుకోవడం, అదే ఆ అమ్మాయికి భరించరానిదైంది. ముఖం తిప్పుకుంది. మేడం న్‌గోగో సారును పిలిచి ఓట్లెన్నని అడిగారు.

“లెక్కపెట్టాను మేడం. ఎన్నో చెప్పమంటే మాత్రం... ఆరోజు కందేలో రాళ్లున్నాయి, అది బాగా గుర్తుంది.”

తప్పు జరిగిందని మహెంగె మేడం ఒప్పుకున్నారు. కానీ ముద్ర పడిన పుస్తకం దిద్దడానికి లేదన్నారు. తర్వాతి సభలో, గత సభ విషయాలను ఆమోదించేటప్పుడు దిద్దాలి. తర్వాతి సభ సెప్టెంబర్లో.

“సెప్టెంబర్లో చలి ఉండదు మేడం” అంది తుసెకీలే.

“చలి ఏటేటా వస్తుంది.”

“నేను ఏటేటా ఉండను.”

మహెంగె మేడం పుస్తకం మూసి పక్కన పెట్టారు.

జూన్ వచ్చింది. బంగాళాదుంప ఆకులు ఒక్కరాత్రిలో నల్లబడ్డాయి. జూలైలో గడ్డి గాజులా విరిగేది. గేటు దగ్గర నేను చూస్తూనే ఉన్నాను, ఆ ఎర్రటి చార ముదిరి, పగిలి, పొలుసులు కట్టింది. పిన్ని ప్యాంటు తొడుక్కురమ్మని రోజూ తిట్టేదట. తుసెకీలే వినలేదు. దొంగతనంగా వేసుకుంటే దొంగదాన్నే అవుతాను అందట. మాట్లాడడం తగ్గించింది. రాయడం మాత్రం పెరిగింది. నా లెక్కల క్లాసు నోట్సులో రెండు భుజాలు సమానం అని రాసి ఊరుకునేది కాదు. ఏ భుజం, ఏ భుజంతో, ఎందువల్ల, ఏ సిద్ధాంతం ప్రకారం. అర పేజీలో అయ్యే రుజువు రెండు పేజీలు పాకేది. దిద్దుతూ విసుక్కునేదాన్ని. తర్వాత, పెన్ను పక్కన పెట్టి, ఆ విసుగు ఎవరి మీదో తేల్చుకోలేక కూర్చునేదాన్ని.

సెప్టెంబర్లో ఎండ వచ్చింది. సభ రోజున కిటికీలు తెరిచే ఉన్నాయి. ప్యాంటు గురించి మాట్లాడుకుంటున్న గదిలో అందరూ స్వెటర్లు విప్పి ఒళ్లో పెట్టుకున్నారు.

దిద్దుబాటు ఒక్క నిమిషం పట్టింది. ఇరవై ఎనిమిది మందీ అవునన్నారు. న్‌గోగో సారుకు కూడా హఠాత్తుగా గుర్తొచ్చింది. ‘ఇరుపక్షాల ఓట్లు సమానం’ అని రాయించి మహెంగె మేడం చుట్టూ చూశారు. తుసెకీలే తల ఎత్తింది. ఆ ముఖంలో నాలుగు నెలల తర్వాత వెలుగు కనబడింది.

“మంచిది. ఓట్లు సమానమైనప్పుడు అధ్యక్షులు తమ ఓటు వేయాలి. నిబంధన అది. మే నెలలో నేను లేను కాబట్టి ఇప్పుడు వేస్తున్నాను. స్కర్టే ఉంటుంది” అన్నారు మేడం.

ఇరవై ఎనిమిది తలలూ ఆవిడ వైపు తిరిగాయి.

“అలా చూడకండి. నేనూ ఈ బడిలోనే చదివాను. ఈ దారినే నాలుగేళ్లు స్కర్టులో నడిచాను. చచ్చిపోయానా?”

మొదటి ఫారం నుంచి, రెండు గౌన్ల పిల్ల, చెయ్యెత్తింది. “మీకు చలెయ్యలేదా మేడం?”

“వేసింది.”

“మరి?”

“మరేముంది. వేసింది.”

ఆవిడ ముఖంలో కోపం లేదు. ఎప్పుడో వేసిన చలి ఆవిడలో ఒక నియమంలా గట్టిపడిపోయి ఉంది, దానికి ఇంక చలెయ్యదు.

“రాసుకో సంగా. నిర్ణయమైంది అని రాయి, చాలు.”

తుసెకీలే రాసింది. ఫలితం గడిలో మొదలుపెట్టి, గీత దాటి, పక్క గడి దాటి, పేజీ అంచు దాకా రాసింది. రాయడం అయ్యాక, నిబంధన ప్రకారం, లేచి చదివి వినిపించింది: “ప్యాంటు కావాలన్నవారు పద్నాలుగు మంది. వద్దన్నవారు పద్నాలుగు మంది. అధ్యక్షురాలు శ్రీమతి మహెంగె తమ ఓటు స్కర్టుకు వేశారు. అందువల్ల స్కర్టు ఉంటుంది. ప్యాంటు అడిగినవారు ఓడిపోయింది ఒక్క ఓటుతో.”

“పేరెందుకు? నిర్ణయం సభది కదా.”

“సభది పద్నాలుగు, పద్నాలుగు మేడం. ఆ పైన ఉన్నది మీది ఒక్కటే.”

మహెంగె మేడం పెన్ను చేతిలో పట్టుకుని ఆ పేజీని చాలాసేపు చూశారు. నేను నా ఒళ్లోని స్వెటరు చూసుకున్నాను. తర్వాత కాగితం మీద నిబ్బు గీసుకున్న చప్పుడు వినిపించింది. సంతకం పెట్టారు. ముద్ర కూడా ఆవిడే వేశారు, కొంచెం వంకరగా.

తుసెకీలే సిరా ఆరేదాకా ఊది, పేజీ తిప్పింది.  అజెండాలో కిందిది చదివింది.

“తర్వాతి అంశం. కందేలో రాళ్లు.”