పచ్చరంగు సైకిల్ బేరం

మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయి తమలపాకులు పంచే వేళకు ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. "పోలీస్ యాక్షన్ అయినంక పట్నం మామ సైకిల్ కొనబోయి, ఎక్కి సూస్త అని పెంటకుప్పల పడ్డడు" అని. అందరూ పగలబడి నవ్వుతారు. నేను నవ్వను. మామ పడ్డ మాట నిజమే, పడ్డ చోటూ నిజమే. కానీ ఆయన సైకిల్ ఎక్కింది కొనడానికి కాదు. ఎందుకు ఎక్కాడో మింగేసి, పడ్డాడని మాత్రం చెప్పడం అబద్ధం కన్నా అన్యాయం. పైగా ఆ కథలో మా చిన్నత్త ఊసే ఉండదు. ఆ రోజు అక్కడ నిలబడి చూసి, నోరు తెరిచి, తెరిచిన నోరు మూయడం మరిచిపోయినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. (చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు. పుట్టనివాళ్లే వివరంగా చెబుతారు, అదేం విచిత్రమో!)

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో మాలాంటి సాగుబడి ఇళ్లకు సైకిల్ అంటే సర్కారు నౌకర్లు ఎక్కి తిరిగే వస్తువు. మాకు తెలిసినవి ఎడ్లు, బండ్లు. రజాకార్ల గోల అణిగి, మిలిట్రీ వచ్చి ఊరి బయట గుడారాలు వేసుకున్న కాలం. ఊళ్లో నా చదువు అయిపోయింది. పై తరగతులకు పక్క ఊరి బడికి పోవాలి. బాపు ఒకటే మాట మీద నిలబడ్డాడు. "గీ దినాలల్ల ఆడపిల్లను గంత దూరం నడిపియ్య. సైకిల్ దొరికితె మీ మామ దినాం తీస్కపోతడు. దొరకకుంటె బడి బందు." అంటే నా చదువంతా రెండు చక్రాల మీద, మామ రెండు కాళ్ల మీద ఆధారపడి ఉందన్నమాట. మామ అంటే అమ్మ తమ్ముడు. కొన్నాళ్లు హైదరాబాదులో ఏదో దుకాణంలో పనిచేసి వచ్చాడు కనుక పట్నం మామ. ఆయనకు తెలియని సంగతి లేదు. "సైకిలా? నిద్రల గూడ తొక్కుత!" అనేవాడు. నేను నమ్మాను. (వాదించే అలవాటు అప్పటికే ఉన్నా, నాకు పనికొచ్చే మాటల మీద వాదించేదాన్ని కాదు.)

ఒక పొద్దున తువ్వాల తాత సైకిల్ తెచ్చాడు. ఆయన జీవితమంతా ఎడ్లు అమ్మించిన బేరగాడు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకోవడం సంతలో పద్ధతి, పక్కవాడికి తెలియకుండా. ఆ తువ్వాల ఎప్పుడూ ఆయన ముంజేతి మీదే ఉంటుంది కనుక ఆ పేరు. ఎడ్ల బేరాలు తగ్గిన ఆ గడబిడ కాలంలో చేతికి ఏది దొరికితే అది అమ్మేవాడు. సైకిల్‌ను ఎట్లా తెచ్చాడనుకున్నారు? హ్యాండిల్‌కు పగ్గం కట్టి, ఎద్దును పట్టుకొచ్చినట్టు వాకిట్లోకి నడిపించుకొచ్చి, సీటు మీద చరిచాడు.

"జాతిది పటేలా. తన్నది, కుమ్మది. గడ్డి అడగది, కుడితి అడగది. మూలకు నిలవెడ్తె సప్పుడు జెయ్యకుంట నిలవడ్తది."

"నిలవడ్తదని కొంటమా తాతా, నడుస్తదా?" అని బాపు పరీక్ష మొదలుపెట్టాడు. ఎద్దును చూసినట్టే చూశాడు. ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు, అటూ ఇటూ నడిపించి నడక చూశాడు. ఏ మూలన ఏ సుడి ఉందోనని కడ్డీల మీద చెయ్యి రాశాడు. చివరికి గొంతుక్కూర్చుని చైను చక్రం వేలితో తడిమి, "పండ్లు అరిగినయ్ తాతా, వయసుది" అన్నాడు. "అరిగినయంటె పనిజేసినట్టు. పనిజెయ్యనిదానికి పండ్లెందుకు అరుగుతయ్?" అన్నాడు తాత. మామ గంట మోగించి, కళ్లు మూసుకుని విని, "విలాయతీ మాల్ బావా, మోతలనే తెలుస్తది" అని తీర్పు చెప్పాడు.

"గంట కొత్తది మామా, సైకిల్ పాతది. మనం కొనేది గంటనా?" అన్నాను. గడపలో చేటతో బియ్యం చెరుగుతున్న అమ్మ, "పిల్లా, నోర్మూయ్" అంది. నేను మూయలేదు. ఎందుకంటే తాత మామకు అది ఇంగ్లీషు దొర ఎక్కిన సైకిలని చెప్పాడు, బాపుకు తహసీలు ఆఫీసు గిర్దావరుదని చెప్పాడు, అమ్మకేమో కోహెడలో కొత్త పెళ్లికొడుకుది, ఎక్కనే ఎక్కలేదని చెప్పాడు. "గీ ముగ్గురు ఒక్క సైకిల్నే ఎక్కిండ్రా తాతా?" అని అడిగి, ఊరుకోక గోటితో పచ్చరంగు గీకాను. కింద నలుపు బయటపడింది. "రంగేస్తె తప్పా? పెండ్లిపిల్లకు పసుపు రాయరా?" అని తాత నా మీదికి లేచి, "నీ బిడ్డకు వకీలు సదువు జెప్పియ్యి పటేలా" అన్నాడు. "సదివిద్దామనే సైకిల్ జూస్తున్న" అన్నాడు బాపు నిదానంగా.

ఆ తర్వాత తువ్వాల పరిచారు. లోపల వేళ్లు మాట్లాడుతుంటే పైన బాపు కనుబొమలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. నా చదువు ధర నాకు తెలియకుండా తేలుతుంటే నాకెట్లా ఉంటుంది? వెళ్లి తువ్వాల అంచు పట్టుకుని పైకెత్తాను. తాత చేయి కాలినట్టు లాక్కుని, "లగ్గంల తెర గుంజినట్టు గుంజినవ్ గదనే పోరీ! నా ఆయుసుల ఎవ్వడు జెయ్యలే గీ పని!" అని గోలపెట్టాడు. అమ్మ నన్ను రెక్క పట్టి ఈడ్చుకుపోయింది.

బేరం అక్కడ ఆగాక బాపుకు అసలు సంగతి గుర్తొచ్చింది. "ఎద్దునైతె బండికి కట్టి సూస్తం. దీన్ని తొక్కి సూడాలె. తాతా, తొక్కు." తాత నవ్వాడు. "నేనెన్నడు తొక్కిన పటేలా? నేను అమ్మెటోన్ని." అందరం మామ వైపు తిరిగాం. మామ ఆకాశం వైపు తిరిగాడు. ఈ రోజు మంగళవారం అన్నాడు. మోకాలు గుంజుతోంది అన్నాడు. ఎవరూ చూపు తిప్పకపోయేసరికి, గొంతు తగ్గించి, "పట్నంల నేను ఎనకాల కూసునేటోన్ని బావా" అన్నాడు. అంతసేపూ అరిగిన పళ్ల గురించీ విలాయతీ మోత గురించీ వాదులాడిన మగవాళ్లలో ఒక్కడికీ సైకిల్ తొక్కడం రాదు! బాపు తలపాగ సర్దుకుని, "తీస్కపో తాతా" అన్నాడు. నా బడి పగ్గం పట్టుకుని వెళ్లిపోతున్నట్టే అనిపించింది.

అప్పుడు కొట్టంలోంచి చిన్నత్త వచ్చింది. బాపు చెల్లెలు. నల్గొండ వైపు ఊరికి ఇచ్చారు. భర్త జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆ వైపంతా గడబిడయి, ఏడాది పైన ఆమె జాడ తెలియలేదు. మిలిట్రీ వచ్చాక ఒక మూటతో ఇంటికి చేరింది. ఎక్కడున్నావని బాపు అడగలేదు, ఆమె చెప్పలేదు. మనుషులతో కన్నా బర్రెలతో ఎక్కువ మాట్లాడేది. ఆ చిన్నత్త పేడ చేతులు కడుక్కుని, చీర గోచి బిగించి, తాత చేతిలోంచి సైకిల్ తీసుకుంది. పగ్గం విప్పి పక్కన పడేసింది. నాలుగడుగులు తోసి, కాలు వెనక్కి తిప్పి ఎక్కి కూర్చుని వెళ్లిపోయింది!

నిజంగా వెళ్లిపోయింది. గడ్డివాము చుట్టూ తిరిగి, బాట మలుపు దాకా పోయి, మలుపులో వంగి, మళ్లీ మా వైపు వచ్చింది. వస్తూ ఎడమ చేయి వదిలేసి నెత్తి మీద కొంగు సర్దుకుంది. అమ్మ చేట జారి బియ్యం పోయాయి. తాత తువ్వాల నేల మీద ఉంది. బాపు కూర్చున్నది గడప మీదో బురదలోనో ఆయనకే తెలియదు. చిన్నత్త దిగి, ఏమీ జరగనట్టే అంది: "ఎనక చక్రం జర ఊగుతుంది అన్నా, పుల్లలు బిగియ్యాలె. ఎడమ దిక్కు బ్రేకు పట్టది. బరువు మోస్తది. తీస్కో, పిల్ల బడి ఆగొద్దు."

"ఒక్క సుట్టు తిరిగినందుకే గివన్ని నీకెట్ల తెలిసినయ్ అత్తా?" అన్నాను. అమ్మ నా తొడ మీద పెట్టిన గిల్లు మూడు రోజులు నల్లగా ఉంది.

గిల్లడానికి కారణం ఉంది. దడి అవతల ఒక జవాను నిలబడి ఉన్నాడు. కోడిగుడ్లకు వచ్చినవాడు, గుడ్లు టోపీలో పెట్టుకుని అంతా చూశాడు. "ఇస్ ఔరత్‌కో సైకిల్ కిస్‌నే సిఖాయా?" అన్నాడు. ఈ ఆడమనిషికి సైకిల్ ఎవరు నేర్పారని. అప్పటికి కమ్యూనిస్టు దళాల కోసం ఊరూరా గాలింపు. సంఘం వాళ్లకు కబుర్లు మోసేవాళ్లలో ఆడవాళ్లున్నారని పిల్లలమైన మాకే తెలుసు, క్యాంపులో తెలియదా? తప్పు జవాబు చెబితే చిన్నత్త గుడారాల దగ్గరికి నడవాల్సిందే. చిన్నత్త తల దించుకుని హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"మైనే సిఖాయా సాబ్!" అన్నాడు మామ. నేనే నేర్పానని! ఇందాక మోకాలు గుంజిన మనిషి, ఛాతీ విరుచుకుని ముందుకు వచ్చాడు. జవాను ఆయన్ను పైనుంచి కిందికి చూసి, "తుమ్‌నే? చలాకే దిఖావ్" అన్నాడు. తొక్కి చూపించమని. మామ సైకిల్ అందుకుంటుంటే చిన్నత్త పెదవి కదలకుండా, "ముంగటికి సూడు, కిందికి సూడకు" అనడం నేను విన్నాను. మామ ఎక్కాడు. ఎట్లా ఎక్కాడో ఆయనకే తెలియాలి. సైకిల్ వాకిలి దాటింది, గడ్డివామును రాసుకుంది, మామను మోసుకుని నేరుగా పెంటకుప్పలోకి పోయింది. పైకి కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, ముందు చక్రం తిరుగుతోంది. పెంటలోంచి మామ గొంతు వచ్చింది: "దేఖా సాబ్? ఉతర్‌నా భీ మైనే సిఖాయా!" దిగడం కూడా నేనే నేర్పానని!

జవాను నవ్వాడు. టోపీలో గుడ్డు ఒకటి పగిలేదాకా నవ్వాడు. "వాహ్ ఉస్తాద్" అని వెళ్లిపోయాడు. బాపు తాత చేయి పట్టుకుని, తువ్వాల లేకుండానే బేరం ఖతం చేశాడు. ఆ సాయంత్రం అమ్మ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది: "ఎవరడిగినా ఒక్కటే మాట. తొక్కింది తమ్ముడు, పడ్డది తమ్ముడు." ఆ రోజు ఆ కథ ఒక మనిషిని కాపాడింది, ఒప్పుకుంటాను. కానీ భయం పోయాక కూడా భయం కుట్టిన చొక్కానే తొడుక్కుని తిరగాలా? (ఇది పెళ్లిళ్లలో అంటే నన్ను తమలపాకుల దగ్గరి నుంచి లేపేస్తారు.)

ఆ తర్వాత తెల్లవారక ముందే మా ఇంటి వెనక బీడులో చిన్నత్త సీటు పట్టుకుని పరుగెత్తుతూ మామకు సైకిల్ నేర్పింది. ఆయన నన్ను బడికి తీసుకుపోయాడు. బడి నుంచి కాలేజీకి వచ్చాను. మామ పోయాడు, బాపూ అమ్మా పోయారు. చిన్నత్త ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ప్రిన్సిపాలుతో వాదించి గెలిచాను, మా ఆయనతో రోజూ గెలుస్తాను, ఆమె దగ్గర మాత్రం నా చదువు పనిచేయదు. మొన్న కూడా ఆమె జడ వేస్తూ, "అత్తా, నీకు సైకిల్ ఎవరు నేర్పిండ్రే?" అన్నాను. "మీ మామనే గద బిడ్డా! జవాను ముంగట ఒప్పుకున్నడు గద!" అని బోసినోటితో నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకొక్క ప్రశ్న వేస్తే చెప్పేస్తుందని ఈ వయసులో కూడా నమ్మే నన్ను చూసుకుని నవ్వాను. జవాన్లు పోయారు, గుడారాలు పోయాయి, నేర్పినవాళ్ల పేరు విని తలుపు తట్టేవాళ్లు ఎవరూ లేరు. మరి ఇంకా ఎవరిని దాస్తున్నావత్తా?