బెనిన్ పూస

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని రెండు వారాల కిందట ఆమె కోడలు మా గుమ్మంలోకి వచ్చి చెప్పింది. పలాస జీడిపప్పు తినే మీకు ఆమె తెలియకపోవచ్చు. నేను సూపర్‌వైజర్‌గా ఉన్న ఫ్యాక్టరీలోనే ముప్పై ఏళ్లు జీడి పిక్కలు కొట్టి పప్పు తీసింది.

మొదట్లో మాకు ఉద్దానం తోటల పిక్కలే వచ్చేవి. అవి చాలక ఆఫ్రికా నుంచి ఓడల్లో తెప్పించడం మొదలైంది. బెనిన్ అనే దేశం పేరు మా వీధిలో ముందుగా పెద్దమ్మ నోటే విన్నాం. ఆ దేశంతో మనకున్న ఒప్పందాల గురించి నేను పేపర్లో చదివి వినిపిస్తే, "మనం తింతన్న కూడు ఆల పంటే గదా నాయనా. సుట్టాలే" అని తేల్చేసేది.

బస్తాల్లో ఏం దొరికినా పారేయనిచ్చేది కాదు. సముద్రం దాటి వచ్చిందని కళ్లకద్దుకుని దాచేది. ఒకసారి నీలం పూస దొరికింది. "ఏ పిల్ల మెడలోదో. పిక్కలేరతుంటే తెగిపోనాది. ఎవులైనా వత్తే ఇచ్చీవాలి" అంది.

వచ్చారు. వ్యాపారం మాట్లాడడానికి బెనిన్ నుంచి నలుగురు మా ఫ్యాక్టరీకి వస్తున్నారని, వాళ్లలో ఒకామె ఉందని తెలిసి పెద్దమ్మ పూసను కొత్త దారానికి గుచ్చింది. మా ఓనరు మాత్రం మెషిన్ల హాలు చూపిస్తే చాలన్నాడు. జీడి నూనెకు నల్లబడి తోలూడిన పెద్దమ్మ వేళ్లు వాళ్ల కంట పడకూడదని నాకూ అనిపించింది. నిజం చెప్పాలంటే సిగ్గుపడ్డాను. "రేపు కరెంటు ఉండదు పెద్దమ్మా, రావద్దు" అన్నాను. ఆమె పిక్కలు కొట్టేది కాలితో తొక్కే కత్తితో, దానికి కరెంటుతో పనే లేదు. అనేశాక గుర్తొచ్చింది.

మర్నాడు వాళ్ల కార్లు మా వీధిలోంచే వెళ్లాయి. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. సాయంత్రం నన్ను చూసి, "కరెంటొచ్చిందా నాయనా?" అని మాత్రం అడిగింది. వచ్చిందన్నాను. తిట్టినా బాగుండేది. ఎప్పటిలాగే గిన్నెతో చేపల పులుసు పంపింది. నేను తిన్నాను కూడా.

తర్వాత ఆ దేశం ముడి పిక్కలు పంపడం ఆపేసింది, పప్పు తమ దేశంలోనే తీస్తామంది. చెబితే పెద్దమ్మ సంతోషించింది. "ఆల ఆడోల్లకీ పని దొరుకుతాది. సేతులకి ఆముదం రాసుకోమని ఎవులైనా సెప్తే బాగున్ను" అంది.

పెద్దకర్మ నాడు కోడలు ఆ పూస తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆలు మల్లా వత్తే నీ సేత్తోనే ఇచ్చీమంది బావా." ఇక వాళ్లెందుకు వస్తారు? పూస నా చొక్కా జేబులోనే ఉంది.

నిన్న ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. హాల్లో మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనక షెడ్డులోంచి, ఆడవాళ్లు కాలితో తొక్కే కత్తుల చప్పుడు మాత్రం ఆగకుండా వినిపించింది.