పన్నెండో ఇస్తరాకు

ఈ సంగతి ఇంతవరకు ముగ్గురికి రాశాను. ఒక పత్రిక తిప్పి పంపింది. ఇంకొక పత్రిక తిప్పి కూడా పంపలేదు. మూడోది మా ఇంటి పెద్దలకు రాసిన ఉత్తరం. దానికి ముప్పై ఏళ్లు దాటినా జవాబు రాలేదు. అందలేదని అనడానికి వీల్లేదు. చదివి, మడిచి, దూలం సందులో చెక్కారని చూసినవాళ్లే నాకు చెప్పారు. అందుకే మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అవ్వ కట్టిన తాయెత్తును పదేళ్ల వయసులోనే తెంపి బావిలో పారేసి దెబ్బలు తిన్నవాణ్ణి. కళ్లతో చూసింది, వేళ్లతో లెక్కపెట్టింది తప్ప ఇంకొకటి నమ్మను. నా గొడవంతా ఆ లెక్కతోనే.

మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, కార్తీక మాసం. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. అడవుల్లో ఉన్న దళాలకు ఊళ్ల నుంచి అన్నం పోతోందని మిలిటరీకి అనుమానం. ఏ ఇంట్లోనైనా పిడికెడు బియ్యం ఎక్కువ ఉడికితే ఎవరి కోసమని అడిగే రోజులవి.

మా పెదనాయిన కొడుకు యాదయ్య రజాకార్ల కాలంలో ఒకనాడు పొద్దున్నే ఇంట్లోంచి పోయి తిరిగి రాలేదు. దళంలో కలిశాడని కొందరన్నారు. కృష్ణ దాటి అవతలి ఒడ్డుకు పోయాడని కొందరన్నారు. వాళ్లమ్మ, అంటే మా పెద్దమ్మ, ఒక మొక్కు మొక్కింది. కార్తీకంలో ఇంటిల్లిపాదీ వాడపల్లి సంగమంలో ఒక మునక వేసి, పడవ మీద మట్టపల్లి దాకా పోయి అక్కడొక మునక వేస్తే కొడుకు ఇంటికొస్తాడని ఆమె నమ్మకం.

ఆ ప్రయాణం ఏర్పాట్ల పని నా మీద పెట్టారు.

"సత్తిగా, సదువుకున్నోడివి నువ్వే. యాడ ఆగాలె, యాడ తినాలె, అన్నీ నువ్వే సూడు. ఒక్క గింజ తక్కువైనా నీదే పూచి, ఎక్కువైనా నీదే పూచి" అన్నాడు పెదనాయిన. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఆయన మర్చిపోయాడు గానీ నేను మర్చిపోలేదు.

బడి నోటుబుక్కులో అంతా రాశాను. మొత్తం పదకొండు మందిమి. పెదనాయిన, పెద్దమ్మ, యాదయ్య భార్య అయిన మా వదిన, ఆమె పిల్లలిద్దరు, మా బాపు, అమ్మ, అవ్వ, అక్క, బావ, నేను. మూడు పూటల తిండి. మొదటి రోజు మధ్యాహ్నం పడవలోనే పులిహోర. సాయంత్రం పొద్దుండగానే ఇసుక తిప్ప మీద దిగి, మూడు రాళ్లు పెట్టి జొన్న రొట్టె, పెసరపప్పు. మరునాడు మధ్యాహ్నం మళ్లీ పడవలో పెరుగన్నం, గారెలు. రాత్రి తిప్ప మీదే పడుకుని, తెల్లారి పాలు కాచి తోడేసి పడవెక్కితే అన్నం వేళకు పెరుగు సరిగ్గా అవుతుందని కూడా లెక్క కట్టాను. అవ్వకు నీడ ఉన్న రేవులేవో, పిల్లలు దిగి ఆడుకోవడానికి లోతు లేని జాగాలేవో పడవ నడిపే బెస్త ఇంటికి రెండుసార్లు పోయి అడిగి రాసుకున్నాను. దీనికి ఇంట్లో ఒక్కరూ బాగుందన్నది లేదు.

మిలిటరీ ఇచ్చే ప్రయాణం పాసు తెచ్చింది కూడా నేనే. దాని మీద పదకొండు పేర్లు, మూడు పూటలకు సరిపడా బియ్యం ఎంతో రాసి ముద్ర వేశారు. దారిలో తనిఖీ ఉంటుందని చెప్పి పంపారు.

ఇస్తరాకులు అమ్మ, నేను కలిసి కుట్టాం. మోదుగాకులు. పూటకు పదకొండు చొప్పున ముప్పై మూడు. చినిగితే ఉంటాయని ఇంకో మూడు. మొత్తం ముప్పై ఆరు. కట్ట కట్టి నా దగ్గరే పెట్టుకున్నాను.

వాడపల్లిలో మునిగి పడవెక్కాం. కొండల మధ్య నీళ్లు పచ్చగా, నెమ్మదిగా పోతున్నాయి. పిల్లలు చేతులు నీళ్లలో పెట్టి కేకలు వేశారు. పెద్దమ్మ ఒక్కతే అవతలి ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నం మగవాళ్లు, పిల్లలు ముందు తిన్నారు. తర్వాత ఆడవాళ్లు తిన్నారు. వడ్డించింది వదిన. బెస్తలిద్దరూ తమ సద్ది ముంతలు తామే తెచ్చుకున్నారు, ఆకుల్లో తినలేదు. ఇది బాగా గుర్తుంది, ఎందుకంటే తర్వాత నన్ను ఇదే పదిసార్లు అడిగారు.

"గంగల ఎంగిలి కలపొద్దు. ఎంగిలాకులు గంపల ఎయ్యి, ఒడ్డుకు పోయినంక పూడుద్దాం" అంది పెద్దమ్మ. నేను ఒక్కొక్కటీ ఎత్తి గంపలో వేశాను. పన్నెండు.

పిల్లల్లో ఎవరో ఇంకో ఆకు అడిగి ఉంటారనుకున్నాను. కానీ ఒక ఆకు వేరుగా ఉంది. మాలో తిన్న ఆకును తన వైపుకు మడుస్తారు. చావు దినాల్లో తిన్నదాన్ని మాత్రం ఎదురు వైపుకు మడుస్తారు. పదకొండు ఆకులు ఇటు మడిచి ఉన్నాయి, ఒకటి అటు మడిచి ఉంది. దాని కుట్టులో ఒక పుల్ల పీకి ఉంది.

బావతో చెప్పాను.

"నువ్వే రెండాకుల్ల తిని మర్శినట్టున్నవ్ బామ్మర్దీ. గా పొట్టకు లెక్క యాడ తెలుస్తది!" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు.

యాదయ్యకు ఒక అలవాటు ఉండేది. తిన్నాక ఆకులోంచి పుల్ల పీకి పళ్లు కుట్టుకునేవాడు. పెదనాయిన దానికి రోజూ తిట్టేవాడు. ఇది నాకు అప్పుడే గుర్తొచ్చింది. పెద్దమ్మ ముందు ఎట్లా అనను?

సాయంత్రం తిప్ప మీద కూడా పన్నెండే వచ్చాయి. ఒకటి అటు మడిచి, పుల్ల పీకి ఉంది. అప్పటికి నాకు అనుమానం పట్టుకుంది, దయ్యం మీద కాదు, మనుషుల మీద. బెస్తలు ఎవరినో దాచి తీసుకొస్తున్నారేమోనని పడవ అడుగున చెక్కలు ఎత్తి చూశాను. నీళ్లు తోడే చిప్ప తప్ప ఏమీ లేదు. వదిన వేరే ఆకులు తెచ్చిందేమోనని, ఆమె నీళ్లకు పోయినప్పుడు ఆమె మూట విప్పాను. ఈ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. పిల్లల బట్టలున్నాయి. వాటి అడుగున యాదయ్య ధోతి ఒకటి, ఉతికి మడత పెట్టింది. అంతే.

ఆ ఇరవై నాలుగు ఆకులు తిప్ప మీదే పూడ్చాం. నా దగ్గర పన్నెండు మిగిలాయి.

మూడో పూట పడవ నది నడుమ ఉంది. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. నేను పదకొండు ఆకులు లెక్కపెట్టి వదిన చేతిలో పెట్టాను. పన్నెండోది నా తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాను. మగవాళ్ల పంక్తిలో తిన్నాను, లేవకుండా అక్కడే ఉన్నాను. ఆడవాళ్లు తింటున్నంతసేపు మర్యాద కాదని నీళ్ల వైపు తిరిగాను. అదొక్కటే నేను చేసిన తప్పు.

"ఎన్ని ఆకులేసినవ్ వదినా?" అన్నాను.

"నువ్వెన్ని ఇచ్చినవో గన్నే ఏసిన మరిదీ" అంది.

గంపలో పన్నెండు ఉన్నాయి. నా తొడ కిందిది నా తొడ కిందే ఉంది, శుభ్రంగా.

ముప్పై ఆరు తెచ్చినవాణ్ణి, ముప్పై ఏడు ఎక్కడివో ఇప్పటికీ చెప్పలేను.

ఇది ఎవరితోనైనా అనేలోపే దారిలో ఒక రేవులో మిలిటరీ కనబడింది. పడవను ఒడ్డుకు పిలిచారు. జమేదారు పాసు చూశాడు, మనుషుల్ని చూశాడు, గంప చూశాడు. గంపను ఇసుకలో బోర్లించి కర్రతో ఒక్కో ఆకూ పక్కకు తీశాడు.

"గ్యారా ఆద్మీ, బారా పత్తల్?" అన్నాడు.

పక్కనున్న ఆ ఊరి పోలీసు పటేలు మాకు తెలుగులో చెప్పాడు. "పాసుల పదకొండు మంది. ఆకులు పన్నెండు. పన్నెండోడు యాడ దిగిండని అడుగుతుండు."

నేను లేచాను. లేచేసరికి నా కిందున్న ఆకు కనబడింది. జమేదారు దాన్ని కర్ర కొసతో ఎత్తి ఏదో అన్నాడు, జవాన్లు నవ్వారు. "ఇది పదమూడోనిదా అంటుండు" అన్నాడు పటేలు, తాను నవ్వకుండా.

అప్పుడు మా పెదనాయిన నా వైపు వేలు చూపించాడు. "లెక్కలన్నీ వీనియే. వీన్నే అడుగుండ్రి."

రెండు రోజులు నన్ను ఆ రేవు దగ్గరే ఉంచారు. ఎవరికి పెట్టావు, ఎక్కడ దించావు, దళంలో ఎవరెవరు అని అడిగారు. నా ఎడమ మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఎవరికీ పెట్టలేదన్నదే నా జవాబు. అది నిజం గనక మార్చడానికి ఏమీ లేదు. చివరికి ఆ పటేలే పూచీ పడి విడిపించాడు. ఎప్పుడూ చూడని మనిషి. మా పెదనాయిన రాలేదు. బాపును కూడా రానివ్వలేదు.

కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి వాకిట్లో వదిన కనబడింది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు.

ఏమైందో అక్క చెప్పింది. జమేదారు ఆకులు పక్కకు తీస్తుంటే వదిన దగ్గరికొచ్చి చూసిందట. అటు మడిచి, పుల్ల పీకి ఉన్న ఆకు దగ్గర ఆగిందట. నన్ను తీసుకుపోయాక నీళ్ల అంచుకు పోయి, రాయి మీద గాజులు పగలగొట్టుకుందట. పెద్దమ్మ మీదపడి కొట్టిందట. "నా కొడుకు బతికుండంగ నీకేం రోగమే!" అని రేవు దద్దరిల్లేలా అరిచిందట.

యాదయ్య చనిపోయాడని అప్పటికి మాకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు. శవమూ దొరకలేదు, మనిషీ రాలేదు. పెద్దమ్మ పోయేదాకా పొద్దుటి పూట తలుపు తీసి ముందు వీధి చూసేది, తర్వాత నన్ను చూసేది. ఆ చూపుకు నేను బాకీ పడలేదు. అయినా మోశాను.

నా మీద పడ్డ నిందలు రెండు. యాదయ్యను పడవలో దాచి అన్నం పెట్టానన్నది ఒకటి. వాడు చచ్చిన సంగతి ముందే తెలిసి వదిన ఒక్కదానికే చెప్పానన్నది ఇంకొకటి. పంచాయతీలో నిలబడి పెదనాయిననే అడిగాను.

"బతికున్నోన్ని దాసిన్నా, సచ్చినోన్ని దాసిన్నా? ఏదో ఒకటి అనుండ్రి. రెండూ ఎట్లైతయే?"

ఆయన రుమాలు దులిపి భుజాన వేసుకుని లేచి పోయాడు. ఆయన నాకిచ్చిన జవాబు అదే.

ఊళ్లో నా పేరే మారిపోయింది. పన్నెండు సత్తయ్య. ఏ పెండ్లికి పోయినా పంక్తిలో కూర్చోగానే ఎవడో ఒకడు అరిచేవాడు, "పన్నెండు సత్తయ్య వచ్చిండు, ఒక ఆకు ఎక్కువెయ్యుండ్రి!" అని. నా పెండ్లిలో కూడా అన్నారు. అన్నవాడెవడో, ఏ వరసలో కూర్చున్నాడో చెప్పగలను.

తార్కికంగా చాలా ఆలోచించాను. వదినే ఆకు వేసిందనుకుందాం. మొదటి రెండు పూటలు నా కట్టలోంచే తీసి ఉండవచ్చు. మూడో పూట ఆకు ఎక్కణ్ణుంచి వచ్చింది? సరే, దాన్ని కూడా ఎక్కడో దాచిందనుకుందాం. వేసిన అన్నం ఎవరు తిన్నారు? నీళ్లలో వంపితే పక్కన కూర్చున్న నలుగురు ఆడవాళ్లకు కనబడదా? అక్కను అడిగాను, అమ్మను అడిగాను. వదిన అటు చివర ఎవరికో వంగి వడ్డించిందని ఇద్దరూ అన్నారు. ఎవరికని అడిగితే, మగవాళ్లలో ఎవరో మారు అడిగారనుకున్నామన్నారు. అప్పటికి మగవాళ్లందరం తిని చేతులు కడుక్కున్నాం.

పెదనాయిన లేడు, పెద్దమ్మ లేదు, నన్ను నవ్వులపాలు చేసిన బావ కూడా లేడు. జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. వదిన హుజూర్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. చూపు తగ్గింది గానీ మతి బాగానే ఉంది. ఏటా పోతాను. ఏటా అదే అడుగుతాను. ఆమె ఏటా నా గొంతు గుర్తుపట్టి, "తిన్నవా మరిదీ?" అంటుంది. కోడల్ని పిలిచి నాకు అన్నం పెట్టిస్తుంది.

పోయినసారి మాత్రం ఒక మాట ఎక్కువ అంది. "ఆకలైందంటే పెట్టిన. పెట్టొద్దా?"

ఎవరికి ఆకలైందని అడిగాను. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

వదినా, ఇది నీ మనవడు నీకు చదివి వినిపిస్తాడని తెలిసే రాస్తున్నాను. నా మోకాలు పోయింది, నా పేరు పోయింది. నువ్వు బొట్టు తీసేసినా, నన్ను నిందలోంచి తియ్యలేదు. ఆ పడవలో మూడు పూటలు నీ చేత్తో వడ్డించావు. పన్నెండో ఆకు ముందు కూర్చున్నది ఎవరు? కూర్చుని నీతో ఏమన్నాడు? నేను పోయినాకనో, నువ్వు పోయినాకనో కాదు. ఇద్దరం ఉండగానే చెప్పు.