సాంచాలు ఆగిన పూట

నా చిన్నప్పుడు మా గల్లీలో కోడి కంటే ముందు సాంచాలు లేచేవి. మరమగ్గాలను మావైపు సాంచాలనే అంటాం. ఆ చప్పుడుకు అలవాటుపడ్డ చెవులు మావి. అది ఆగితేనే ఉలిక్కిపడేవాళ్లం.

పక్కింటి అక్కకు ఎడమకాలు సరిగా లేచేది కాదు. జబ్బు పేరేమిటో ఎవరికీ తెలియదు. అయినా నూలు చుట్టిన కండెల గంప నడుముకు ఆనించుకుని, రోజూ సాంచాల షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు చేరవేసేది. ఒకనాడు నేను వెంట ఉండగా కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయి. షెడ్డు నడిమధ్య అక్క కూడా ఆగిపోయింది. పాపం అలసిందనుకుని, పెద్ద ఆరిందాలా గంప అందుకోబోయాను.

"గంప ముట్టకు పిల్లా. నువ్వు మోస్తే సేటు జూసి, రేపటి సంది నన్ను పనికి రావద్దంటడు. జర చప్పట్లు కొట్టు, సాంచె కొట్టినట్టు."

ఇన్నాళ్లూ ఆమె కాలు ఆ చప్పుడును పట్టుకునే నడుస్తోందని అప్పుడు తెలిసింది. ఉత్సాహం కొద్దీ టపటపా కొట్టాను. అక్క తూలింది, రెండు కండెలు కింద పడ్డాయి. "నేనేమన్న ఉరుకుతున్ననా? నా కాలు జూసి కొట్టు" అని నవ్వింది. కాలు చూసి కొట్టాను. చివరి సాంచె దాకా గంప ఆమే మోసింది. నేనేదో మోసినట్టు గర్వంతో రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నాలుగేళ్ల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. మెదడు పంపిన కబురు కాలికి సరిగా చేరని జబ్బు. ఒకరి చెయ్యి పట్టకుండా మా గల్లీ మూల దాకా నడవాలన్నది నా పంతం. ఈ జబ్బువాళ్ల నడక మీద కరీంనగర్‌లో పరిశోధన చేస్తున్నారంటే పేరిచ్చాను. మొదటిరోజే ఫిజియోథెరపీ డాక్టరమ్మ నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టింది. "టక్కు టక్కుమని ఇనవస్తది పెద్దమ్మా, దానితోని అడుగెయ్యాలె. గిట్ల నడిస్తే మీ అసొంటోళ్లకు ఎంత ఆసరైతదో చూస్తున్నం" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"జర మెల్లగ పెట్టు బిడ్డా, నా కాలు జూసి పెట్టు" అన్నాను. పెట్టింది. కాలు లేచింది.

వాళ్ల లెక్క ఎప్పటికి తేలుతుందో గానీ, నా నమ్మకం నాకుంది. నిన్న మూల దాకా పోతుంటే సగంలో కాలు మొరాయించింది. మనవరాలు ఉరికివచ్చి చెయ్యి పట్టుకోబోయింది.

"చెయ్యి వద్దు బిడ్డా, చప్పట్లు కొట్టు" అన్నాను.

మొదట అదీ టపటపానే కొట్టింది. నా కాలు చూడమన్నాను.