ఖాళీ బిందెకు బెల్లం ముక్క

ఒక ఊరి నీళ్లన్నీ, గొంతు కూడా తడుపుకోకుండా, ఒక్క పూటలో ఎండగట్టిన మొనగాడు ఈ జిల్లాలో ఎవడన్నా ఉన్నాడా అని మిమ్మల్నెవరైనా అడిగితే మొహమాటపడకుండా నా పేరు చెప్పండి. ఎండాకాలం చేతకాక చేతులెత్తేసిన పని నేను చేసి చూపించినాను. అదీ నా చేత్తో కాదు, పాలపండ్ల పిల్లల చేత చేయించినాను. ఊరు ఊరంతా గొల్లుమనింది. బర్రెలు నాలుక వెళ్లబెట్టి పడిపోయినాయి. కాకులు సంసారాలు సర్దుకొని తుంగభద్ర దిక్కు వలస పోయినాయి.

సరే, కాకులు పోలేదు. బర్రెలను అంతకుముందే అమ్ముకున్నారు. ఊరంతా కూడా కాదు, ఒక వీధి. కానీ ఆ వీధి ఆడవాళ్లు ఆ పొద్దు నన్ను చూసిన చూపుంది చూడండి, దాన్ని పెంచి చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

ఎనభైల మొదట్లో మాట. మా నాయన మంత్రాలయం దగ్గర ఒక చిన్న గుడిలో అర్చకుడు. తీరిక దొరికితే నలుగురు పిల్లలకు సంస్కృతం చెప్పేవాడు. నాకు పూజా రాలేదు, సంస్కృతమూ రాలేదు. ఇంటర్ తప్పి, మిద్దె దూలాలు చూసుకుంటూ పడుకొని ఉంటే ఒక దినం ఆయన తేల్చేసినాడు.

"మంత్రం చెప్పేదానికి నీకు నోరు తిరగదు. పెద్దపిల్లలకు పాఠం చెప్తే వాళ్లే నీకు తిరిగి చెప్తారు. ఇంక మిగిలింది పసిపిల్లలు. వాళ్లకైతే నీ తప్పులు పట్టే వయసు రాలేదు."

అట్లా ఆదోనిలో పసిపిల్లల బడి పంతుళ్ల శిక్షణకు పోయినాను. అక్కడ మొదటివాడిగా వచ్చినానని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు. అబద్ధం కాదు, మగవాళ్లలో మొదటివాణ్ని. ఇంకో మగవాడు లేడు.

ఏం నేర్పినారంటారా? చింతపిక్కలతో లెక్కలు. బంకమట్టితో గుండ్రం, పొడుగు. అట్టముక్క మీద పత్తి అంటించి కుందేలు. ఆదోనిలో పత్తికి ఏం కొదవ, మా కుందేళ్లు గొర్రెలంత అయ్యేవి. మాకు నేర్పిన మేడం ఒకటే మాట అనేది: "పిల్లోనికి నోటితో చెప్తే చెవి దాటదు. చేతికిచ్చి చెప్పండి." అన్నిటికన్నా నాకు నచ్చింది నీళ్లాట. రెండు గిన్నెలు, ఒక చెంబు. పోస్తే నిండు, ఒంపితే ఖాళీ. ఇంత గొప్ప చదువు ఇంత చిన్న చెంబులో ఇమిడిందే అని నేను మురిసిపోయి, మిగతావాళ్లు అన్నానికి పోయినా ఒంపుతూనే కూర్చున్నాను.

గోనెగండ్ల దాటి ఇంకా లోపలికి పోవలసిన ఒక ఊరికి నన్ను వేసినారు. పసిపిల్లల బడికి మగవాణ్ని వేస్తారా అని మీకు అనుమానం రావాలి. ఆ ఊరి పేరు చెప్పగానే ఆడ టీచర్లందరికీ ఒకేసారి నడుంనొప్పి వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు ఊళ్లో దిగినాక తెలిసింది. ఊరిబావిలో చేంతాడు వేస్తే బొక్కెన టంగుమంటుంది. కోసెడు దూరాన ఎండిన వంక ఉంది. దాని ఇసుకలో గుంత తవ్వితే అడుగున ఇన్ని నీళ్లు ఊరతాయి. చెలమ అంటాం. ఆడవాళ్లు కోడి కూయకముందే పోయి ఆ చెలమ చుట్టూ కూర్చొని, ఊరినంత టెంకాయచిప్పతో తోడి, మళ్లా ఊరేదాకా కాచుకొని, కడవ నింపుకొని ఇంట్లో పెట్టి, ఆ తర్వాత కరువుపనికి, రోడ్డుకు కంకర కొట్టేదానికి పోతారు. పిల్లలను నా బడిలో దించి పోతారు.

బడికి ఆయా ఉలిగమ్మ. ముక్కుపొడుం మనిషి. ఊళ్లో ఎండకు భయపడనివాళ్లు కూడా ఆమె నోటికి భయపడతారు. నేను మొదటి దినమే చింతపిక్కలు పంచి లెక్క మొదలుపెడితే, ఒకడు ఒక పిక్కను ముక్కులోకి తోసుకున్నాడు. నేను వాణ్ని పట్టుకొని ఊపినాను.

"ఏం గాబరా పడతావులే అయివారా," అనింది ఉలిగమ్మ. "బైట ఎన్నుండాయి, లోపలెన్నుండాయి అని అడుగు. అదీ లెక్కే గదా."

తర్వాత ఇంత పొడుం తీసి వాని ముక్కు దగ్గర పెట్టింది. వాడు తుమ్మిన తుమ్ముకు పిక్క వచ్చి నా కళ్లద్దాలకు తగిలింది. మరునాడు బంకమట్టి ఇచ్చినాను, తిన్నారు. ఆటకు తిన్నారో ఆకలికి తిన్నారో నేను అడగలేదు. మూడో పాఠం, నా ముద్దుల పాఠం, నీళ్లాట. పొయ్యి పక్కన గంజికని పెట్టిన బిందె ఎత్తుకున్నాను.

"నీళ్లు యాడికి తీసుకపోతాండావు?" అనింది ఉలిగమ్మ.

"పాఠానికి."

"పాఠానికి నీళ్లెందుకప్పా? పలక తుడిచేదానికి ఉమ్ముండాది గదా!"

వినలేదు నేను. చెంబు ముంచి, ముందువరసలో కూర్చున్న హనుమంతు చేతికిచ్చినాను. నాగమ్మ మనవడు. నాలుగేండ్లు ఉంటాయేమో, చూపుకు మాత్రం నలభై.

"ఇది నిండు. ఇప్పుడు ఒంపు నాయనా. ఖాళీ చెయ్యి."

వాడు చెంబును రొమ్ముకు కరుచుకున్నాడు. "మాయవ్వ కొడ్తాది."

పక్కన సుంకికి ఇచ్చినాను. "నీళ్లు నేలపాలు జేస్తే కండ్లు పోతాయంట," అని కండ్లు మూసుకుంది. ఒక్క బిడ్డ ఒంపితే ఒట్టు. ఆ ఊళ్లో పిల్లలు నడక నేర్వకముందే నీళ్లు ఒలకపోయరాదని నేరుస్తారు. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నేను శిక్షణ పొందినవాణ్ని కాబట్టి తెలియలేదు. 'పాపం, మందబుద్ధులు' అనుకొని నేనే చెంబెత్తి నేల మీద ఒంపి చూపించినాను.

పీనుగ లేచిన ఇంట్లో కూడా అంత ఏడుపు నేను వినలేదు. ఒకడు పరుగున వచ్చి తడిమన్ను దోసిట్లోకి ఎత్తి నా చెంబులో వేయబోయినాడు.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగుతాడు. నేను లోపలికి పోయి, మా అమ్మ మూటగట్టి ఇచ్చిన బెల్లం తెచ్చినాను. ఈ బెల్లం సంగతి చాలా ఏండ్లు ఎవరికీ చెప్పలేదు. పిల్లలే నా బోధనకు తన్మయులైపోయి, ఇండ్లకు పోయి ఆ పని చేసినారని చెప్పుకొని తిరిగినాను. లేదు. బెల్లం పెట్టినాను.

"ఎవరు ఖాళీ చేస్తే వాళ్లకు ఒక ముక్క!"

ఏడుపు టక్కున ఆగింది. హనుమంతు బెల్లం వైపు చూసినాడు, చెంబు వైపు చూసినాడు, వాళ్లవ్వ కంకర కొట్టే దిక్కు చూసినాడు. ఒంపినాడు. తర్వాత బారు కట్టినారు. గంజి బిందె అడుగంటింది. ఆ పూట పిల్లలకు ఉత్త బొరుగులు పెట్టి ఇండ్లకు పంపినాము.

"తల్లులు వీపులు పగలగొట్టి నేర్పినేది బెల్లంముక్కతో మాన్పిస్తివి గదప్పా," అనింది ఉలిగమ్మ.

"దీన్ని బోధన అంటారు," అన్నాను.

బోధన చేసి అలిసిపోయినాను గదా, చాప పరుచుకొని పడుకున్నాను. కొంచెం కునుకు పట్టిందో లేదో, బయట ఏదో ఇనుపబండి రాళ్ల మీద ఈడ్చినట్లు గరగర. కండ్లు తెరిస్తే గుమ్మంలో హనుమంతు. తనకన్నా పొడుగున్న కడవను మూతి పట్టుకొని ఈడ్చుకొచ్చినాడు. వాని వెనక సుంకి, తలకు తపేలా బోర్లించుకొని. ఆమె వెనక చెంబులు, గిన్నెలు, ఒక బిందెను దొర్లించుకుంటూ ముగ్గురు.

"సార్, ఖాళీ! బెల్లం!"

మీ దగ్గర దాచేదేముంది? అప్పుడు నాకు కలిగింది భయం కాదు, గర్వం. ఒక్క పాఠానికి ఇంతమంది ఇంటిపని చేసుకొని వచ్చినారే! ఆదోని మేడం చూసింటే ఎంత మురిసేదో అనుకుంటూ బెల్లమంతా పంచేసినాను. చివరి ముక్క హనుమంతు నోట్లో పెట్టినాక గాని నాకు అడగాలని తోచలేదు.

"ఏం ఒంపినావురా?"

"నీళ్లు."

"యాడివి?"

"ఇంట్లోవి."

"ఎన్ని?"

"అన్నీ."

నిండుకుండ తొణకదంటారు. ఆ సామెత కట్టిన మహానుభావుడు, ముగ్గురు పిల్లలు బెల్లం కోసం ఒక పక్కనుంచి తోస్తున్న కుండను చూసి ఉండడు.

పొద్దు వాలుతుండగా ఆడవాళ్లు పనినుంచి వచ్చినారు. ఇండ్లలోకి పోయినారు. బయటికి వచ్చినారు. అందరూ ఒకటే దారి పట్టినారు, బడిదారి.

"ఏమప్పా అయివారా! సదువు సెప్పమని ఇడిస్తే కొంపలు ముంచుతావా?"

"ముంచేదానికి నీళ్లుంటే గదనే!" అని ఇంకొకామె.

"అమ్మా, అది పాఠం," అన్నాను. "నిండు అంటే ఏమి, ఖాళీ అంటే ఏమి అని..."

"ఖాళీ అంటే ఏందో మాకు నేర్పేదానికి ఆదోని నుంచి రావల్నా? మా బాయి సూడు. మా గాదె సూడు. కొట్టం సూడు, ఎద్దులుండాయేమో!"

అన్నిటికీ తలకాయ ఊపినాను. అప్పుడు నాగమ్మ ముందుకొచ్చింది. ఆమె అరవలేదు. అరిచింటే బాగుండు.

"నా కోడలు బాలెంత. పసిగుడ్డుకు నీళ్లు పోసేదానికని ఇంటి మూలన ఒక కడవ దాపెట్టి పోయింటి. అది కునుకు తీసినప్పుడు మా హనుమంతు ఒంపేసినాడు. బిడ్డకు ఒళ్లంతా సెమటపొక్కులు, ఏడ్సి ఏడ్సి గొంతు పోయింది. ఇప్పుడు ఏం పోయల్లో నువ్వే సెప్పప్పా, సదువుకున్నోనివి."

బెల్లం కొట్టిన రాయిలా నిలబడినాను. నా విషయంలో అది సామెత కూడా కాదు, జరిగిందే.

హనుమంతు ఈడ్చుకొచ్చిన కడవనే భుజాన పెట్టుకొని వంకకు నడిచినాను. నేను అటునుంచి అటే మంత్రాలయం పారిపోకుండా ఉలిగమ్మ వెంట వచ్చింది. ఆ పొద్దు వీధి వీధంతటికీ నేనొక్కణ్నే నీళ్లు మోసినానని పెండ్లయిన కొత్తలో మా ఆవిడకు చెప్పినాను. ఒక్క కడవ. అదీ మెడ దాకా రాలేదు. మిగతా ఆడవాళ్లు కంకర కొట్టిన చేతులతోనే చిప్పలు పట్టుకొని వచ్చి, నన్ను తిట్టుకుంటూ పక్క చెలమల దగ్గర కూర్చున్నారు.

చిప్ప పెడితే ఇసుక వస్తుంది. ఆగితే నీళ్లు వస్తాయి, ముసలికంట్లో నీళ్లొచ్చినట్లు, వచ్చేదో రానిదో. నేను ఒక్క విసురుకు ఒంపిన చెంబు మళ్లా నిండేసరికి నా నీడ ఇసుకలో బారెడు సాగింది. ఆ బిడ్డ గొంతు పోయిందన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఉన్నట్టుండి నాకు ఏడుపు వచ్చింది.

"కార్సేదేదో సెలమలో కార్సప్పా," అనింది ఉలిగమ్మ. "బైట పారబోయద్దు."

దీపాలు పెట్టేవేళకు నాగమ్మ ఇంటికి చేరినాను. లోపల బిడ్డ ఏడుస్తోంది. ఏడుపంటే ఏడుపు కాదు, గాలి వస్తున్నట్లు ఉంది. కడవను అరుగు మీద దించినాను. నాగమ్మ ఒకసారి కడవలోకి తొంగిచూసి, పొయ్యి రాజేసేదానికి లోపలికి పోయింది. హమ్మయ్య అనుకొని నడుం నిలబెట్టినానో లేదో, చీకటి మూలనుంచి రెండు చిన్నచేతులు వచ్చి కడవ మూతి పట్టుకున్నాయి.

"సార్."

"ఏంరా హనుమంతూ?"

"ఖాళీ సేస్తా."

"వద్దురా! వద్దు నాయనా! బంగారుకొండా!"

"బెల్లం."

"ఒంపితే బెల్లం లేదురా ఇంక! ఒంపకూడదు!"

ఆ వయసుకే వ్యాపారం ఎట్లా తిరగేయాలో వానికి తెలిసిపోయింది.

"ఒంపకుంటే బెల్లం?"

జేబులు తడిమినాను. బెల్లమంతా మధ్యాహ్నమే పంచేసినాను గదా, వేళ్లకు జిగురు తప్ప ఏమీ తగల్లేదు. "రేపిస్తారా." "ఇప్పుడే." కడవ వంగింది. ఇంత నీళ్లు అరుగు మీదికి చింది జారిపోయినాయి. నా ప్రాణం కూడా వాటి వెంటే జారిపోయింది. ఇంక మాటలతో పనికాదని వాని మీదుగా దూకి, కడవను రెండు చేతులతో కౌగిలించుకున్నాను. వాడు అటు లాగుతాడు, నేను ఇటు. సరిగ్గా అప్పుడే నాగమ్మ దీపం పట్టుకొని బయటికి వచ్చింది. ఆమెకు కనిపించింది ఏమంటే, సదరు అయివారు కడవ మీద వంగి ఉన్నాడు, అరుగంతా తడి, మనవడు పక్కన కండ్లు నులుముకుంటున్నాడు.

"మళ్లా మొదలుపెట్టినావా!"

"నేను కాదమ్మా, వీడు..."

"సార్ ఖాళీ సేస్తాండాడవ్వా," అన్నాడు హనుమంతు.

నాగమ్మ దీపం కింద పెట్టింది. లోపలికి పోయి, బాలెంతకు పెట్టే కాయం మందుకని ఉట్టి మీద పెట్టుకున్న అచ్చులోంచి ఇంత బెల్లం విరుచుకొచ్చి నా అరచేతిలో పెట్టింది.

"ఇదో, తిను. తిని, మా కడవ ఇడిసిపెట్టప్పా. నీకు దండం పెడతా."

విడిచిపెట్టినాను. ఆమె కడవను చంకనెత్తుకొని లోపలికి పోయి తలుపు వేసుకుంది. కొంచెంసేపటికి లోపల చెంబుతో నీళ్లు పోసిన చప్పుడు, బిడ్డ ఒక్కసారి కెవ్వుమని, తర్వాత మెల్లగా సద్దుమణిగింది. ఆ గడప బయట నిలబడి బెల్లం తిన్నాను. హనుమంతు అడిగినాడు, సగం ఇచ్చినాను.

మా ఇలవేల్పు సాక్షిగా, నోట్లో బెల్లం ఉండగానే, అక్కడికక్కడ ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ పసిబిడ్డకూ ఖాళీ అంటే ఏమిటో నేర్పను. నిండు అన్న పాఠం మాత్రం తప్పకుండా చెప్తాను, వాన పడిన మరునాడే చెప్తాను.

ఆ ఏడు చెప్పే పని పడలేదు.