కాణిపాకం దారిలో కరిగిపోయిన మూడు వారాలు

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజుల్లో నాకున్న తెలివిని ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది (అందులో ముప్పాతిక భాగం తర్వాత ఎక్కడ పోయిందో తెలియదు). తిరుపతిలో డిగ్రీ ముగించి ఐర్లాండులో మాస్టర్స్‌లో చేరాను. తిండి పదార్థాలు పాడుకాకుండా కాపాడే సైన్సు సగం, వాటిని అమ్ముకునే విద్య సగం. బంగారుపాళ్యంలో మావాళ్ళకు ఆ చదువేమిటో చెప్పడం, ఆ చదువు చదవడం కన్నా కష్టమైంది. డాక్టరు చదువా అంటే కాదు, కంప్యూటరా అంటే కాదు. మా మేనమామ చాలాసేపు ఆలోచించి, "అట్లయితే అంగట్లో కూసోని సైన్సు సెప్తావన్నమాట" అని తేల్చేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు సగం సైంటిస్టు.

నిజానికి ఆ పేరు నాకు అతికినట్టు సరిపోయింది. అక్కడ పొద్దున పూట తెల్లకోటు వేసుకుని ల్యాబులో ఉంటే, "తెలియకపోతే తెలియదని చెప్పండి, సిగ్గుపడొద్దు" అనేవాడు సైన్సు ప్రొఫెసరు. కోటు విప్పి మధ్యాహ్నం బిజినెస్ క్లాసుకు వెళితే, "కొనేవాడి ముందు తెలియదనే మాట నోట రానివ్వద్దు" అనేది అక్కడి ప్రొఫెసరమ్మ. ముసురు పట్టిన ఆ ఊళ్ళో, చలికి ముక్కు కారుతూ, పొద్దున ఒకరిని, మధ్యాహ్నం ఒకరిని నమ్మేదాన్ని. మధ్యాహ్నం మాటే ఎక్కువ ఒంటబట్టిందని ఒప్పుకోవాలి. నా జట్టులో ఒక హాలండు అమ్మాయి ఉండేది, చాలా పొడుగు. ఇద్దరం కలిసి మామిడికాయల మీద పూసే మైనం లాంటి పూత ఒకటి తయారుచేశాం. ల్యాబులోని చల్లటి గదిలో పూత పూసిన కాయలు మూడు వారాలు చెక్కు చెదరలేదు. ఇక మిగిలింది ఒక్కటే. నిజమైన వ్యాపారి ఎవరైనా తన సరుకు మీద దాన్ని వాడి చూడటానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. "మా ఊరికి పోదాం, మామిడికి మేమే దిక్కు" అన్నాను ధీమాగా.

అలా కాయల సీజనులో ఇద్దరం పూత డబ్బాలతో ఊళ్ళో దిగాం. మా అవ్వ ఆ అమ్మాయిని కిందినుంచి పైదాకా చూసి, "ఈ పాపకు కాయలు కోసేదానికి దోటి గూడా అక్కర్లేదు" అని మురిసిపోయింది. మర్నాడే మండీ పెదనాయన దగ్గరికి వెళ్ళాం. నాయనకు వరసకు అన్న, మామిడి మండీ ఆయనది. బేనీషా మామిడికాయల కుప్పల మధ్య ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు, గీతలు అన్నీ చూపించాను. ఆయన అంతా ఓపికగా విన్నాడు.

"మూడు వారాలు నిలస్తాదా? మన ఎండకా?"

"మూడు వారాలు పెదనాయనా, గ్యారంటీ."

"నిజింగానే?"

"కావాల్నంటే కాణిపాకంలో ప్రమాణం జేస్తా!"

చిత్తూరు పక్క ఈ మాట పెద్ద లెక్కలోది కాదు. పాలలో నీళ్ళు కలపలేదని చెప్పడానికీ అంటారు, పక్కింటి దోసకాయ కొయ్యలేదని చెప్పడానికీ అంటారు. అన్నవాళ్ళంతా వెళితే స్వామికి ఊపిరాడదు. కానీ పెదనాయన లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అయితే పాండి. వ్యాను ఖాళీగానే ఉండాది."

వ్యాను ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. ఎక్కడికని పొడుగమ్మాయి ఇంగ్లీషులో అడిగితే చెప్పాను. కాణిపాకం వినాయకుడి ముందు ఎవరూ అబద్ధమాడరని, ఆడితే ఆయన ఊరుకోడని మా నమ్మకమని. ఆమె కాసేపు ఆలోచించి, "దానికి ఇన్సూరెన్స్ ఉంటుందా?" అంది. లేదన్నాను. "అయితే ఏమని చెబుతామో ముందే సరిచూసుకుందాం" అంది. మేం చూసింది చల్లటి గదిలో కదా, ఈ ఎండలో రెండు వారాలు అనుకుందామా అంది. సరే అన్నాను. హైవే మీద ఇంకొంచెం దూరం పోయాక, దెబ్బ తగలని కాయలకు మాత్రమే అని చేర్చాను నేను. నీడలో పెడితేనే అని చేర్చింది ఆమె. చిత్తూరు దగ్గరికి వచ్చేసరికి వారాలు పోయి "కొన్నాళ్ళు" మిగిలాయి. కాణిపాకం ఆర్చి కనబడేసరికి మా ప్రమాణం ఇలా తయారైంది: మా పూత పూసిన కాయ, పూయని కాయ కన్నా, చాలావరకు, కొంచెం ఆలస్యంగా చెడవచ్చు. (దీన్ని దేవుడి ముందు చెబితే ఆయనే జాలిపడేవాడు.)

"ముందు కోనేట్లో మునగాల. తడిబట్టల్తోనే ప్రమాణం" అన్నాడు పెదనాయన. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. తెలియదని ఒప్పుకుంటే డిగ్రీ పోతుంది, ఒప్పుకోకుండా ప్రమాణం చేస్తే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది. ఏడుపు గొంతుతో, "నాకు తెలీదు పెదనాయనా. ఈ ఎండలో యెన్నాళ్ళు నిలస్తాదో మేము సూసిందే లేదు" అన్నాను.

ఆయన నా వంక తిరిగి నవ్వాడు. "ఈ మాట మండీలోనే సెప్పింటే డీజిలన్నా మిగిలేది గదమ్మా! తెలీదు గాబట్టే గదా సూడాల. రేపు పది పెట్టెలిస్తా, పుయ్యండి."

నేను నమ్మలేక పొడుగమ్మాయికి చెబుదామని వెనక్కి తిరిగాను. ఎవరో సైగ చేస్తే ఆచారం కాబోలనుకుని ఆమె అప్పటికే మునిగి వచ్చి, నిలువునా నీళ్ళు కారుతూ చేతులు జోడించుకుని నిలబడి ఉంది. దర్శనం చేసుకుని బయల్దేరాం. బంగారుపాళ్యం దాకా ఆమె తడి నా మీదా, నాకంటిన తడి పెదనాయన మీదా ఆరింది.

మా పూతతో కాయలు నాలుగు రోజులు ఎక్కువ నిలిచాయి. "సాలు, సెన్నై దాటిపోతాది" అన్నాడు పెదనాయన. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు తిరుపతిలో ఒక తిండి పదార్థాల కంపెనీలో డబ్బాల మీద ఏం రాయాలో చూసేది నేనే. "అయితే", "ఉంటే", "చాలావరకు" ఇన్నెందుకమ్మా అని మా మేనేజరు విసుక్కుంటాడు. హాలండులో పొడుగమ్మాయి టేబుల్ మీద కాణిపాకం స్వామి ఫోటో ఉందట, మీటింగుకు వెళ్ళేముందు దాన్ని ఒకసారి చూసి వెళుతుందట.

ఆ మండీలో కాయల కుప్పల మధ్య నిలబడి "గ్యారంటీ" అన్న పిల్ల ఒక్కోసారి గుర్తొస్తుంది. అంత ధైర్యంగా ఒక్క మాటైనా అనాలని నాకిప్పటికీ ఉంటుంది. అంటాను కూడా. అంతలోనే ఎక్కడో ఒక వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపిస్తుంది, "చాలావరకు" అని చేర్చేస్తాను.